మాస్టారి విగ్రహం ఛాతీ వరకేనట. బస్టు అంటే అసలు ఎక్కడి వరకు?

నాగావళి_గట్టు
మా మావయ్యగారు నరసన్నపేట పక్కన ఒక ఊళ్లో లెక్కల మాస్టారు. సర్వీసు దాదాపు అంతా ఒకే హైస్కూల్లో. ఆయన పోయాక పాత విద్యార్థులు చందాలు వేసుకుని స్కూలు ఆవరణలో విగ్రహం పెడదామన్నారు. మొదట నిలువెత్తు విగ్రహం అనుకున్నారు. శిల్పి రేటు చెప్పాక అందరి గొంతూ తగ్గింది. ఇప్పుడు బస్టు అంటున్నారు.

గొడవ ఇక్కడే మొదలైంది. కమిటీలో ఒకాయన మెడ వరకు చాలంటాడు. ఇంకొకాయన చేతులు ఉండాల్సిందే, చేతిలో సుద్దముక్క ఉండాల్సిందే అంటాడు. మా అత్తగారేమో "మనిషిని సగానికి కోసి దిమ్మె మీద పెడతారా, నేను చూడలేను" అని ఒకటే ఏడుపు. శిల్పిని అడిగితే "ఎంతవరకు కావాలో మీరే చెప్పండి, చేసేస్తాను" అంటున్నాడు. దీనికో పద్ధతంటూ ఉందా, లేక డబ్బు అయిపోయిన చోట ఆపేయడమేనా?

పలాస_జీడిపప్పు
డబ్బు అయిపోయిన చోట ఆపేయడమే. ఆ లెక్కన మా వీధి చివర సగం కట్టి వదిలేసిన బస్‌షెల్టర్ కూడా బస్టే.

గంటస్తంభం_బాబాయ్
జీడిపప్పు మాటలు పట్టించుకోకు నాయనా. తల, మెడ, భుజాలు, ఛాతీ పైభాగం. ఇంతవరకు చేస్తే బస్టు. మామూలుగా చేతులు ఉండవు. కింద చిన్న పీట, దాని కింద దిమ్మె. మా విజయనగరంలో కాలేజీల్లో, ఆఫీసుల్లో చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. సగానికి కోసినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

మట్టిచేతులు
నేను చేసేది ఈ పనే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ఒక్కచోటే ఆపాలన్న రూలు లేదు. రోమన్ల బస్టులు వరసగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది. మొదటి చక్రవర్తుల కాలంలో మెడ కింద, కాలర్ ఎముకల దగ్గరే ఆపేవారు. ట్రాజన్, హాడ్రియన్ల నాటికి, అంటే క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో, భుజాలూ రొమ్మూ వచ్చాయి. తర్వాత ఇంకా కిందికి దిగింది. కొమ్మోడస్ చక్రవర్తి హెర్క్యులిస్ వేషంలో ఉన్న బస్టు రోమ్‌లోని కాపిటోలైన్ మ్యూజియంలో ఉంది. దానికి చేతులు ఉన్నాయి, ఒక చేతిలో దుడ్డుకర్ర కూడా ఉంది. తేదీ చెక్కని బస్టు దొరికితే అది ఎంత కిందికి దిగిందో చూసి ఏ కాలందో అంచనా వేస్తారు. కాబట్టి సుద్దముక్క అడిగిన పెద్దాయన్ని మరీ కొట్టిపారేయక్కర్లేదు.

కానీ విరిగిన విగ్రహం వేరు, బస్టు వేరు. బస్టు అంచు ముందే ఆలోచించి చేసేది. భుజం దగ్గర మొదలై ఛాతీ కిందికి ఒక వంపుగా తిరిగి లోపలికి వెళ్లిపోవాలి. రోమన్లు వెనకవైపు తొలిచేసి, మధ్యలో నిలువుగా ఒక ఆధారం వదిలేవారు. అందువల్ల ముందు నుంచి చూసేవాడికి ఛాతీ ఎక్కడ అయిపోయిందన్న ధ్యాసే రాదు. అలా కాకుండా జబ్బల దగ్గర రంపంతో కోసినట్టు అడ్డంగా ఆపేస్తే మీ అత్తగారికి వచ్చిన భయమే అందరికీ వస్తుంది. మన ఊళ్లలో చాలా బస్టులకు ఉన్న జబ్బు ఇదే.

నాగావళి_గట్టు
@మట్టిచేతులు ఈ అంచు ఇలా ఉండాలని శిల్పికి మేం చెప్పాలా? ఆయనకు తెలియదా?

మట్టిచేతులు
తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఫైబర్‌లో రోజూ ఒకే మూసలో భుజాలు తీసి, తల మాత్రం మార్చే షాపులూ ఉన్నాయి. అందుకే అడగండి. ఒక ఉపాయం చెప్తాను. మాస్టారికి కండువా అలవాటుందా?

నాగావళి_గట్టు
పొందూరు ఖద్దరు కండువా లేనిదే గడప దాటేవారు కాదు.

మట్టిచేతులు
ఇంకేం కావాలి. కండువా మడతలు ఒక భుజం మీంచి వచ్చి అంచును కప్పేలా చేయించండి. ఇది పెద్దవాళ్లు చేసిన పనే. ఇటలీ శిల్పి బెర్నీనీ 1665లో ఫ్రాన్సు రాజు 14వ లూయీకి పాలరాతి బస్టు చేశాడు, ఇప్పుడు వెర్సాయిలో ఉంది. గాలికి ఎగిరే వస్త్రం ఛాతీకి అడ్డంగా తిరిగి, చేతులు లేని చోటును, ఆగిన చోటును మొత్తం మింగేస్తుంది. చూసేవాడికి రాజు మొత్తం అక్కడ నిలబడినట్టే ఉంటుంది.

అరసవల్లి_సూరి
ఎన్ని చెప్పినా తల, ఛాతీ పెట్టడం మన పద్ధతి కాదు. తిరుమలలో కృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడి ఉంటారు, పాదాల వరకు. మనవాళ్లు మనిషిని మనిషిలా చేశారు. ఈ సగం మనుషులు తెల్లవాడితో దిగుమతి అయ్యారు. అత్తగారి మాటలో తప్పేముంది?

తోటపల్లి_అమ్మాయి
ఎలిఫెంటా గుహలో సదాశివుడి సంగతేమిటి సూరి గారూ? మూడు ముఖాలు, ఛాతీ వరకే, దాదాపు 20 అడుగులు. 6వ శతాబ్దం పని. అప్పటికి తెల్లవాడు ఇంకా ఓడ ఎక్కలేదు. రేణుక ఎల్లమ్మను చాలా చోట్ల తల వరకే పెట్టి పూజిస్తారు, ఎవరికీ అపశకునం అనిపించదు.

అరసవల్లి_సూరి
దేవుడి సంగతి వేరమ్మా. దేవుడికి ఏ రూపమైనా నిండు రూపమే. మనిషికి అలా కాదు.

పలాస_జీడిపప్పు
తల మాత్రమే ఉన్నవాడు రాహువు, మొండెం మాత్రమే ఉన్నవాడు కేతువు. లెక్కల మాస్టార్ని నవగ్రహాల్లో కలపకండి. మాకు చెప్పిన మాస్టారైతే ఎలాగూ శనే అనుకోండి.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
సూరి గారి మాటలో కొంత సంగతి ఉంది, దాన్ని నవ్వులాటలో పోనివ్వకండి. తోటపల్లి అమ్మాయి చెప్పిన సదాశివుడు ఒక ఫలానా మనిషి పోలిక కాదు. ఇక్కడ మాట్లాడుతున్నది ఫలానా మనిషి ముఖం గురించి. పాత రోజుల్లో మన దగ్గర రాజులూ దాతలూ గుడిలో విగ్రహంగా ఉన్నారంటే భక్తులుగా ఉన్నారు. చేతులు జోడించాలంటే చేతులు కావాలి కదా. అందుకే నిండు విగ్రహం.

గ్రీకులు కూడా అంతే. మనిషంటే ఒళ్లంతా అనుకుని పూర్తి విగ్రహాలు చేశారు. పుస్తకాల్లో మనం చూసే పెరిక్లీస్, సోక్రటీస్ తలలు రోమన్ల కాలంలో తీసిన నకళ్లు. రోమన్లకు అలవాటు వేరు. పెద్దింటి వాళ్లు చనిపోయిన పూర్వీకుల మైనపు ముఖాలు ఇంటి ముందు హాల్లో అల్మరాల్లో దాచుకునేవారు. ఇంట్లో ఎవరైనా పోతే వాటిని బయటికి తీసి ఊరేగింపులో తీసుకెళ్లేవారు. ముఖం ఉంటే మనిషి వచ్చినట్టే. అలాంటి చోట బస్టు పుట్టడంలో వింతేముంది? మన దగ్గర బ్రిటిష్ కాలంలో టౌన్‌హాళ్లలోకీ కాలేజీల్లోకీ వచ్చింది, ఆ మాట నిజం. వచ్చి చాలా కాలమైంది, మనదైపోయింది. క్రికెట్ కూడా అలాగే వచ్చింది, ఎవరైనా మానేశారా?

వంశధార77
పూర్తి విగ్రహం అంటే గొప్ప అనుకునేవాళ్లు మథుర మ్యూజియంలో కనిష్కుణ్ణి చూడాలి. బూట్లు ఉన్నాయి, కోటు ఉంది, కత్తి ఉంది. తల లేదు. ఎవరో ఎలా తెలిసిందంటే బట్టల మీద పేరు చెక్కి ఉంది. బస్టుకి సరిగ్గా రివర్సు కేసు. సగం మాత్రమే దక్కుతుందంటే నేనైతే పై సగమే తీసుకుంటా.

సెవెన్‌రోడ్స్_శీను
అందరికీ పై సగం సరిపోతుందా? కోడి రామమూర్తి గారికి బస్టు పెడితే ఎలా ఉంటుంది? ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్న మనిషి. ఛాతీ సగంలో ఆపేస్తే ఏనుగు ఎక్కడ ఎక్కాలి?

గంటస్తంభం_బాబాయ్
అదీ మాట. మా ఊళ్లో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. కాలికి గజ్జె కట్టి ఆడుతూ పాడుతూ హరికథ చెప్పిన మనిషి. ఆయన్ని భుజాల దగ్గర ఆపితే గజ్జె పోయింది. తర్వాత ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చేతులు లేకపోతే వయొలిన్ పోయింది. బస్టు ఎవరికి నప్పుతుందంటే ముఖంలో మనిషి తెలిసేవాళ్లకు. రచయితలు, లాయర్లు, డాక్టర్లు, మాస్టార్లు.

తోటపల్లి_అమ్మాయి
బాబాయ్, నేను ఒప్పుకోను. నారాయణదాసు గారి ఫొటో చూస్తే ముఖంలోనే ఆ ధీమా అంతా ఉంటుంది. గజ్జె చూపిస్తే ఏం చేసేవారో తెలుస్తుంది, ముఖం చూపిస్తే ఎవరో తెలుస్తుంది. నాకు రెండోదే కావాలి. వయొలిన్ పట్టుకున్న విగ్రహాల్లో చూడండి, సగానికి సగం వయొలినే బాగుంటుంది, ముఖం ఎవరిదైనా ఒకటే.

సెవెన్‌రోడ్స్_శీను
రామమూర్తి గారి ఏనుగుకి మాత్రం జవాబు రాలేదు.

తోటపల్లి_అమ్మాయి
సరే, ఆయన ఒక్కరికీ నిలువెత్తు. స్టేడియానికి ఆయన పేరే ఉంది, జాగాకి లోటు లేదు.

బుడితి_కంచు
మాది సరవకోట వైపు. మా బుడితి కంచు, ఇత్తడి పని మీరు వినే ఉంటారు. చెంబులు, గిన్నెలు పోసే చేతికి మనిషి ముఖం రావాలంటే అది వేరే విద్య. కానీ లోహం సంగతి ఒకటి చెప్తాను. కాంస్యం బస్టు అన్నాక లోపల గట్టిగా నిండుగా ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండదు, ఉండకూడదు. డొల్లగానే పోస్తారు, గోడ మందం కొన్ని మిల్లీమీటర్లే. నిండుగా పోస్తే బరువు సంగతి అటుంచండి, చల్లారేటప్పుడు లోపలా బయటా ఒకేలా కుంచించుకోక గుంటలు పడతాయి, పగుళ్లు వస్తాయి. బుగ్గ మీద గుంట పడితే ఇక ఆ ముఖం పనికిరాదు.

నాగావళి_గట్టు
కమిటీలో కాంస్యమా ఫైబరా అన్నది ఇంకా తేలలేదు. కాంస్యం రేటు ఫైబర్‌కి కొన్ని రెట్లు ఉంది. ఎందుకంత తేడా?

మట్టిచేతులు
పని అన్ని మెట్లు ఉంటుంది కాబట్టి. ముందు ఇనప చువ్వల గూడు కట్టి దాని మీద మట్టితో ముఖం చేస్తాం. ఇది రెండింటికీ ఒకటే. అసలు కళ ఉన్నదంతా ఇక్కడే. ఆ మట్టి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీస్తాం. ఫైబర్ అయితే ఆ అచ్చులో రెజిన్ పూసి గ్లాసు మ్యాటు అతికి, ఎండాక తీసి రంగు వేస్తే అయిపోయింది.

కాంస్యానికి అచ్చు లోపల మైనం పలచగా పూయాలి. మైనపు ముఖం బయటికి వచ్చాక మళ్లీ చెక్కి సరిచేయాలి. డొల్ల లోపల మంటకి తట్టుకునే ముద్ద నింపి, బయట కాలినా పగలని పూత పెట్టి, లోహం వెళ్లడానికీ గాలి రావడానికీ దార్లు వదలాలి. బట్టీలో పెడితే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి వెయ్యి డిగ్రీలు దాటిన కాంస్యం పోస్తారు. చల్లారాక పూత పగలగొట్టి, అతుకులు అరగదీసి, మందులు పూసి రంగు తెప్పించాలి. రాగి, తగరం ధర ఒక ఎత్తు, ఈ చాకిరీ ఒక ఎత్తు.

పొందూరు_నేతగాడు
ఒక జాగ్రత్త. మా బంధువుల ఊళ్లో కాంస్యం అని డబ్బు తీసుకుని ఫైబర్ మీద కాంస్యం రంగు కొట్టి ఇచ్చారు. ఆవిష్కరణ నాడు మంత్రిగారి దండ బరువుకి విగ్రహం కదిలింది, అప్పుడు తెలిసింది.

బుడితి_కంచు
వేలు మడిచి కణుపుతో కొడితే తెలిసిపోతుంది. లోహం మోగుతుంది, ఫైబర్ టపటప అంటుంది. అయస్కాంతం నమ్మకండి, కాంస్యానికీ అంటదు, ఫైబర్‌కీ అంటదు.

పలాస_జీడిపప్పు
మాకు అయస్కాంతం, వేలు కణుపు ఏమీ అక్కర్లేకపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి చూపించింది. మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఫైబర్ బస్టు ఉండేది. తెల్లారి చూస్తే దిమ్మె ఉంది, పెద్దాయన లేరు. జీడితోటలో బోర్లా పడి కనిపించారు. రెండు చిన్న మేకులతో బిగించారట, బిగించినవాణ్ణి ఏమనాలి.

మట్టిచేతులు
ఇది నవ్వుకునే విషయం కాదు, ఫైబర్ ఎంచుకుంటే మొదట చూడాల్సింది ఇదే. లోపల స్టీలు చువ్వలు దిమ్మెలోకి దిగి ఉండాలి, కింది భాగంలో కాంక్రీటు నింపాలి. చువ్వ మామూలు ఇనుము అయితే మన సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బితే మెడ దగ్గర పగులు వస్తుంది. స్టెయిన్‌లెస్ అడగండి. ఎండకి ఫైబర్ పైపూత పొడిపొడిగా లేస్తుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ రంగు తప్పదు. ఇవన్నీ చేస్తే ఫైబర్ తక్కువేం కాదు. డబ్బు తక్కువైతే బాగా చేసిన ఫైబర్ తీసుకోండి, హడావుడిగా చేసిన కాంస్యం వద్దు.

వంశధార77
సైజు మాట ఎవరూ ఎత్తలేదు. ఆరుబయట అసలు మనిషి సైజులో చేస్తే చిన్నపిల్లాడిలా కనిపిస్తుంది. చుట్టూ ఆకాశం, చెట్లు, బిల్డింగు. మా వైపు ఒకటి అలాగే అయింది, పాపం తాతగారు మనవడిలా ఉన్నారు.

మట్టిచేతులు
అవును. వరండాలోనో లైబ్రరీలోనో అయితే అసలు సైజు చాలు. ఆరుబయట అయితే కొంచెం పెంచాలి. దిమ్మె ఎత్తు చూసేవాడి కళ్ల కంటే ముఖం కాస్త పైన ఉండేలా ఉంటే చాలు. పదడుగుల దిమ్మె కట్టేస్తే పిల్లలకు గడ్డం కిందిభాగం, ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ కనబడవు. ఇంకో సంగతి, ఉత్తరం వైపు ముఖం పెడితే ఏడాదిలో ఎక్కువ రోజులు ముఖం నీడలోనే ఉంటుంది. తూర్పుకి పెడితే ప్రేయర్ వేళకి ఎండ ముఖం మీద పడుతుంది.

సెవెన్‌రోడ్స్_శీను
స్కూలు గేటు బయట రోడ్డు మీద అయితే అందరికీ కనిపిస్తుంది కదా? లోపల ఎవరు చూస్తారు?

గంటస్తంభం_బాబాయ్
ఆ పని మాత్రం చేయకండి. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకు చెప్పింది. రేపు రోడ్డు వెడల్పు చేస్తే మాస్టార్ని క్రేన్‌కి కట్టి ఎత్తుతారు. స్కూలు ఆవరణలోనైనా నోటిమాట మీద పెట్టొద్దు, శాఖ నుంచి కాగితం మీద అనుమతి తీసుకోండి.

నాగావళి_గట్టు
ఆవరణలోనే. కాగితం పెట్టాం, తిరుగుతున్నాం.

ఇప్పుడు అసలు టెన్షన్ వేరే. శిల్పి ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, వెనక నుంచి ఒకటి ఫొటోలు అడిగాడు. మా దగ్గర ఉన్నది పాస్‌పోర్టు సైజు ఒకటి. మిగతావన్నీ స్కూలు గ్రూపు ఫొటోలు, వాటిలో ఆయన ముఖం కందిగింజంత. సైడు నుంచి ఎవరు తీస్తారండీ మాస్టార్ని?

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
ఇక్కడే చాలా బస్టులు చెడతాయి. ఫొటోకి వెడల్పు, ఎత్తు ఉంటాయి, లోతు ఉండదు. ముక్కు ఎంత ముందుకుందో, తల వెనక ఎంత ఉందో, చెవి దవడకి ఎంత దూరమో పాస్‌పోర్టు ఫొటో చెప్పదు. శిల్పి ఊహిస్తాడు. ఎదురుగా చూస్తే మాస్టారే, రెండడుగులు పక్కకి జరిగితే ఎవరో తహసీల్దారు. అమెరికాలో 1785లో వాషింగ్టన్ విగ్రహం చేయడానికి ఫ్రాన్సు నుంచి ఊడన్ అనే శిల్పి ఓడెక్కి వచ్చి, ఆయన ముఖం మీద ప్లాస్టర్ వేసి అచ్చు తీసుకున్నాడు. అంత గొప్పవాడు కూడా బొమ్మ చూసి చేయడానికి ఒప్పుకోలేదు.

తోటపల్లి_అమ్మాయి
మీ పెళ్లి వీడియో ఉందా? పిల్ల తండ్రి కాబట్టి కన్యాదానం అప్పుడు కెమెరా ఆయన చుట్టూ తిరిగే ఉంటుంది. ఆపి ఆపి చూడండి, రెండు పక్కలా దొరుకుతాయి.

మట్టిచేతులు
చాలా మంచి మాట. ఇంకా ఒకటి, ఆయన అన్నదమ్ములు, కొడుకులు ఎవరైనా ఉంటే వర్క్‌షాప్‌కి తీసుకెళ్లండి. చెవులు, దవడ, తల వెనక గుండ్రం, వీటిలో ఇంటి పోలిక గట్టిగా ఉంటుంది. నేను తండ్రి బస్టు చేసేటప్పుడు కొడుకును స్టూలు మీద కూర్చోబెట్టి కొలతలు తీసుకుంటాను.

పలాస_జీడిపప్పు
పోలిక రాకపోతే ఏమవుతుందో రొనాల్డోని అడగండి. 2017లో మదీరా ఎయిర్‌పోర్టులో ఆయన బస్టు పెట్టారు. ఆయన పక్కన నిలబడి నవ్వాడు, ప్రపంచమంతా ఇంకోలా నవ్వింది. మరుసటి ఏడాదే మార్చేశారు.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
అయితే పోలిక అన్నది ఫొటోలా ఉండటమేనా? శాంతినికేతన్ శిల్పి రామ్‌కింకర్ బైజ్ చేసిన ఠాగూర్ బస్టు హంగేరీలో బాలాటన్‌ఫ్యూరెడ్ అనే ఊరికి వెళ్లింది. 1926లో ఠాగూర్ అక్కడ వైద్యం చేయించుకున్నారు. అది గురుదేవుల్లా లేదని మనవాళ్లే అభ్యంతరం చెప్పారు, తర్వాత అక్కడ వేరేది పెట్టారు. నా మటుకు నాకు ఆ గరుకు తలలోనే ఠాగూర్ ఎక్కువ ఉన్నారు. కానీ హైస్కూలు కమిటీకి ఈ మాట చెప్పను.

నాగావళి_గట్టు
పెళ్లి వీడియో దొరికింది. క్యాసెట్టు, పక్క వీధి స్టూడియోలో కాపీ తీయించాం. సైడు నుంచి బ్రహ్మాండంగా వచ్చారు. మా బావమరిది చెవులు కూడా కొలిచారు. అయితే ఇప్పుడు కొత్త పంచాయితీ. వీడియోలో ఆయనకు యాభై లోపు, నల్ల జుట్టు, మీసం. పాత విద్యార్థులు "మా మాస్టారు ఇలాగే ఉండేవారు, ఇలాగే చేయించాలి" అంటున్నారు. మా అత్తగారు, మా ఆవిడ చివరి రోజుల ముఖమే కావాలంటున్నారు. ఆ ముఖం విద్యార్థులు చాలామంది చూడనే లేదు.

వంశధార77
విగ్రహం స్కూల్లో పెడుతున్నారు కాబట్టి స్కూల్లో ఉన్నప్పటి ముఖం. ఇంట్లో అత్తగారికి ఫొటో ఉంటుంది కదా.

అరసవల్లి_సూరి
భార్య మాట కాదని చందా ఇచ్చినవాళ్ల మాట వింటారా? బాగుంది న్యాయం.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
ఈ తగాదా పాతదే. రోమ్‌లో రిపబ్లిక్ కాలపు పెద్దల బస్టులు చూస్తే బట్టతల, ముడతలు, ఊడిన పళ్ల వల్ల లోపలికి పోయిన బుగ్గలు, ఏదీ దాచలేదు. అనుభవం అలా కనబడాలని వాళ్ల కోరిక. తర్వాత మొదటి చక్రవర్తి ఆగస్టస్ వచ్చాడు. డెబ్బై అయిదేళ్లు బతికాడు, విగ్రహాల్లో మాత్రం చివరిదాకా కుర్రాడే. ఈజిప్టు రాణి నెఫెర్టీటీ బస్టు ఇంకా తమాషా. 1912లో ఈజిప్టులో అమర్నా దగ్గర దొరికిన ఆ బస్టు ఎత్తు అర మీటరు లోపే. పైకి మచ్చలేని ముఖం. సీటీ స్కాన్ తీస్తే పైపూత కింద సున్నపురాతిలో ఇంకో ముఖం, నోటి పక్కన ముడతలతో సహా. శిల్పి ముందు నిజం చెక్కి, ఆ తర్వాత దాని మీద మెత్తగా పూసుకొచ్చాడు. మీరూ మధ్యలో ఎక్కడో ఆగండి. రిటైర్మెంటు నాటి ముఖం అయితే ఇద్దరికీ తెలిసిన ముఖం.

తోటపల్లి_అమ్మాయి
రిటైర్మెంటు సభ ఫొటోలు తప్పకుండా ఉంటాయి. దండ గడ్డం దాకా ఉంటుంది అనుకోండి.

మట్టిచేతులు
మాస్టారు అన్నట్టు అదే మంచి మధ్యేమార్గం. కళ్లద్దాలు పెట్టుకునేవారా?

నాగావళి_గట్టు
పెట్టుకునేవారు. మందం ఫ్రేము. ఎందుకు?

మట్టిచేతులు
కళ్లద్దాలు శిల్పికి పరీక్ష. అద్దం చేయలేం, ఫ్రేము మాత్రమే చేస్తాం. ముఖంతో కలిపి పోస్తే కళ్ల చుట్టూ గట్టు కట్టినట్టు అవుతుంది. విడిగా తీగతో చేసి పెడితే బాగుంటుంది కానీ ఎవడో పీక్కుపోతాడు. గాంధీగారి కళ్లద్దాలు ఎన్నిసార్లు పోతాయో మీకు తెలుసు. ముక్కు దగ్గరా చెవుల దగ్గరా లోపల్నుంచి అతికించమనండి.

కనుపాప సంగతి కూడా చూడండి. హాడ్రియన్ కాలం దాకా రోమన్లు పాలరాతిలో కనుగుడ్డు నున్నగా వదిలి పైన రంగు వేసేవారు. ఆ తర్వాత కనుపాపను తొలవడం మొదలుపెట్టారు. గుంటలో నీడ పడితే నల్లగా కనిపిస్తుంది, చూపు వస్తుంది. ఇందాక చెప్పిన ఊడన్ ఆ గుంటలో చిన్న పలుకు వదిలేవాడు, వెలుగు దాని మీద పడి కంట్లో మెరుపు వచ్చేది. మీ శిల్పి కనుపాప తొలవకుండా తెలుపు నలుపు రంగులు వేస్తానంటే మాత్రం వద్దనండి. రాత్రి పిల్లలు జడుసుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, మట్టి మీద ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లందరూ వెళ్లి చూడాలి. అప్పుడైతే ముక్కు సన్నం చేయాలన్నా, మీసం దించాలన్నా వేలితో అయిపోతుంది. అచ్చు తీశాక మార్చమంటే శిల్పికి మండుతుంది, మీకు డబ్బు పోతుంది.

నాగావళి_గట్టు
అప్‌డేట్. నిన్న అందరం వెళ్లాం. మట్టి తడిగా ఉంది, శిల్పి గుడ్డ తీశాడు. మా అత్తగారు ఎదురుగా చూసి ఏమీ అనలేదు, పక్కకి వెళ్లి చూసి "ఈ చెవి ఇంత అతుక్కుని ఉండదు, కాస్త విప్పు బాబూ" అన్నారు. శిల్పి విప్పాడు. తర్వాత కింది పెదవి, తర్వాత కనుబొమ్మ, తర్వాత కండువా మడత. ఆవిడ అలా గంటసేపు ఆయన చేత పని చేయించారు. సగానికి కోయడం అన్న మాట మళ్లీ రాలేదు. పాత విద్యార్థి ఒకాయన "మాస్టారు ఇంకొంచెం కోపంగా ఉండేవారు" అన్నాడు. "నీతో ఉండేవారేమో, నీ మార్కులకి" అన్నారు ఆవిడ.

పలాస_జీడిపప్పు
అత్తగార్ని కమిటీ ప్రెసిడెంటు చేయండి.

అరసవల్లి_సూరి
ఆవిడకు నచ్చితే నాకేం అభ్యంతరం. వర్ధంతికి దండ వేసేటప్పుడు ఒకటి చూసుకోండి, బంతిపూలు తడిసి రోజుల తరబడి ఉంటే రంగు దిగి మరక పడుతుంది. సాయంత్రానికి తీసేయాలి.

బుడితి_కంచు
కాంస్యానికైనా అంతే. తడి దండ కింద ఆకుపచ్చ చార కడుతుంది. చింతపండుతో తోమే పని మాత్రం పెట్టుకోకండి, ఇంట్లో ఇత్తడి బిందె కాదు అది. పైనున్న రంగంతా పోయి కొత్త చెంబులా అవుతుంది.

నాగావళి_గట్టు
ఫైబర్‌కే ఓటు పడింది, స్టెయిన్‌లెస్ చువ్వలతో. ఇంక దిమ్మె మీద రాయి ఒక్కటే మిగిలింది. చందా ఇచ్చిన అందరి పేర్లూ వేయాలట. రాయి కొలత చూస్తే విగ్రహం కంటే పెద్దదైంది.

పలాస_జీడిపప్పు
దాతలు నిలువెత్తు, మాస్టారు బస్టు.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
దిమ్మె ముందు ఆయన పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, లెక్కల ఉపాధ్యాయులు అని వేయండి. అంతకు మించి వద్దు. దాతల రాయి వెనక కాంపౌండు గోడకి పెట్టించండి.

నాగావళి_గట్టు
అదే చెప్పాను మాస్టారూ. గోడ మీద జాగా లేదట, గోడ కట్టించినాయన పేరు ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఉంది.